టాపు లేని కారుకు రెండు పట్టీలు

3 జూన్ 2001, ఆదివారం

సత్తిబాబు ఈ వారం కూడా రాలేదు. వరసగా మూడో ఆదివారం.

నేను నడిపే నెలపత్రిక కట్టలు రెండూ నేనే మోసుకుని బస్టాండుకి వెళ్ళాను. పదకొండేళ్ళుగా అవి అతని స్కూటరు మీదే వెళ్ళేవి. దారిలో అతని మెకానిక్ షెడ్డు చూశాను – తాళం. పక్క టీకొట్టాయన అన్నాడు, "మండపేటలో ఉన్నాడు కదండి. రాంబాబు గారి మిల్లులో. ఏదో కారు పనంట."

రాంబాబు. నాతో ఇంటరు చదివిన రాంబాబు. బియ్యం మిల్లు, లారీలు, అవి చాలక ఇప్పుడు బొంబాయి నుంచి తెచ్చుకున్న ఎర్ర కారు. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు, కావలిస్తే వెనక్కి మడిచేయొచ్చు. ఎండా వానా రెండూ సమృద్ధిగా ఉన్న గోదావరి జిల్లాలో టాపు లేని కారు!

నడుం పట్టేసింది.

5 జూన్

వివరం తెలిసింది. ఆ కారుని తేలిక చేస్తున్నారట. ఆగస్టు చివర మద్రాసు అవతల పోటీ ఉంది. కార్లన్నీ ఒకేసారి పరిగెత్తవు. ఒక్కోదాన్నీ ఒంటరిగా వదిలి గడియారం చూస్తారు. ఇంజను అదే ఉంటుంది, బండి బరువు తగ్గుతుంది, అందుకని వేగం పెరుగుతుంది. సిద్ధాంతం ఇంతే.

ముందు కొనుక్కోవడం, తర్వాత పీకేయడం. ఇంతకంటే మంచి బొమ్మ ఏ వర్గానికైనా ఎవరు గీయగలరు? వచ్చే సంచికకి వ్యాసం ఇదే.

10 జూన్, ఆదివారం

మండపేట వెళ్ళాను. వ్యాసం కోసం అని మా ఆవిడ పద్మకి చెప్పాను. "వ్యాసం కోసమే వెళ్ళండి," అంది, నా మొహం చూడకుండా.

లారీలు తూచే కాటా మీద నిలబెట్టి ఉంది కారు. పక్కన బస్తాల కాటా. కారులోంచి తీసిన ప్రతి ముక్కనీ హమాలీ అప్పన్న దాని మీద పెట్టి, పైకి చదివి, గోడ మీద సుద్దతో రాస్తున్నాడు. ధాన్యం కొలిచేటప్పుడు లెక్క మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు – ఒకటి అనడు కదా, "లాభం" అన్నాడు. అది స్పేర్ చక్రం. రెండు, ఏసీ. మూడు, తివాచీ. నాలుగు, టాపు మడిచే ఇనుప చట్రం. వెయ్యీ అరవై అయిదు కిలోల బండి. తొమ్మిది వందలకి దించాలని పట్టు.

అదే అప్పన్న, పొద్దున్నించి డెబ్బై అయిదు కిలోల బస్తాలు వీపున మోసి వచ్చాడు. అడిగాను, నీ వీపు మీది బరువు తగ్గించడానికి ఇంత శ్రద్ధ ఎవరన్నా చూపించారా అని. నవ్వాడు. "బస్తా రోజూ ఉండేదే కదండి. ఇది చూడ్డానికి బాగుంది."

రాసుకున్నాను. ఇందులో నవ్వేందుకేమీ లేదు.

తర్వాత భోజనం. ఇది రాయకుండా ఉండలేను. సత్తిబాబు ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ. ఉప్పాడ నుంచి వాళ్ళన్న పంపిన ఎండు చేపలు, వంకాయతో పులుసు. కారు పక్కనే నేల మీద కూర్చుని ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నారు. "ముళ్ళు చూస్కోండి రాంబాబు గారూ," "నువ్వు ముందు పులుసు ఇటు తోయి" – ఇవీ మాటలు. నాకు కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చారు.

పదకొండేళ్ళ కిందట సత్తిబాబు నా దగ్గరకి వచ్చినప్పుడు డబ్బున్న ప్రతివాణ్ణీ "బాబుగారూ" అని చేతులు కట్టుకునేవాడు. ఆ మాట మాన్పించింది నేను. చదవడం నేర్పింది నేను. మనిషికీ మనిషికీ మధ్య నేల చదునుగా ఉండాలని చెప్పింది నేను. ఆ నేల మీద ఇవాళ కూర్చుని తింటున్నది రాంబాబు.

నేనెప్పుడూ అతని క్యారేజీలో తినలేదు. మా వంటింట్లోకి ఈనాటికీ చేప రాలేదు. ఇవన్నీ అలవాట్లు, సిద్ధాంతానికి సంబంధించినవి కావు అని అనుకునేవాణ్ణి.

11 జూన్

రాంబాబు ఒక్క పుస్తకం చదవలేదు. ఒక్కటి.

14 జూన్

సాయంత్రం గేటు చప్పుడు. సత్తిబాబు! చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. కారుతో పాటు వచ్చిన రిపేరు పుస్తకమట. "నా చెయ్యంతా జీపుల మీద, లారీల మీద కదండి. ఈ బండి తిక్కేంటో తెలీదు. మీరు చదివి తెలుగులో రాసిపెడతారా మాస్టారూ?" రాంబాబుని అడగలేకపోయావా అన్నాను. "ఆయన అక్షరం చూస్తే ఆవలిస్తారండి. అయినా మీరు చెబితేనే నాకు ఎక్కుద్ది."

మీరు చెబితేనే.

కొత్త లాంగ్ నోట్‌బుక్ తీశాను. పద్మ రెండు కాఫీలు తెచ్చి, నా మొహం ఈసారి చూసింది.

19 జూన్

అయిదు సాయంత్రాలు. రోజుకి పదేసి పేజీలు. బోల్టు ఎంత బిగించాలి, బ్రేకు గొట్టం ఎలా విప్పాలి... నేను వాక్యం చదివితే అతను కళ్ళు మూసుకుని చేతులతో గాల్లో బిగిస్తాడు. అర్థం కాకపోతే చెయ్యి ఆగిపోతుంది, నాకు వెంటనే తెలిసిపోతుంది. కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. ఇలాంటి విద్యార్థి దొరకలేదు.

వ్యాసం సగంలో ఆగింది. రేపు.

26 జూన్

రాలేదు. నిన్నా, మొన్నా కూడా.

ఉప్పాడ వెళ్ళారట, రాంబాబూ అతనూ. అన్న అక్కడ ఫైబర్ తెప్పలు పోస్తాడు. ఇనుప బానెట్‌కి మైనం రాసి, దాని మీద గుడ్డా జిగురూ పొరలు పొరలుగా వేసి, తెప్పకి అచ్చు తీసినట్టే అచ్చు తీసి, కొత్త బానెట్ పోయించారట. డిక్కీ మూత కూడా. రెండు రోజులు అక్కడే ఉన్నారు. రాంబాబు ఆ ఇంట్లో, ఆ చాప మీద పడుకున్నాడు.

ఆ ఇల్లు నేను చూడలేదు. సముద్రం తినేయగా కట్టుకున్న మూడో ఇల్లు అది. సముద్రపు కోత మీద నేను రెండు సంపాదకీయాలు రాశాను. "ఓసారి రండి మాస్టారూ, మావాళ్ళు మిమ్మల్ని చూస్తామంటున్నారు" – ఎన్నిసార్లు పిలిచాడు? వస్తాను, పరీక్షలవనీ. వస్తాను, ఈ సంచిక అవనీ...

1 జులై, ఆదివారం

పత్రిక వచ్చింది. "ఎవరి బరువు ఎవరు తగ్గిస్తున్నారు?" – మొదటి పేజీ. హమాలీ వీపూ, బాబుల బొమ్మా. పదునుగా ఉంది. నాకు తెలుసు పదునుగా ఉందని.

సత్తిబాబు వచ్చి, నిలబడే చదివాడు. చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుందండి. అప్పన్న గురించి రాసింది నిజమే. కానీ బాబుల బొమ్మ అన్నారు. ఆ బొమ్మ నేను చేస్తున్నానండి మాస్టారూ."

వాదించాను. శ్రమ ఎవరిదైనా ఫలం ఎవరిదో చూడాలి అన్నాను. చాలాసేపు మాట్లాడాను. విన్నాడు. తర్వాత కట్టలు స్కూటరు మీద వేసుకుని, బస్సుల్లో వేసి వచ్చాడు. కోప్పడితే బాగుండేది.

4 జులై

పోటీలో కారు నడిపేది సత్తిబాబేనట!

ఫారం మీద అతని పేరే రాయించాడు రాంబాబు. "నేనెక్కితే మీరు తీసిందంతా మళ్ళీ ఎక్కినట్టే కదరా," అని పొట్ట తట్టుకున్నాడట. సత్తిబాబు ఈ మాట నాకు చెబుతూ, చెప్పలేక ఆగి, మళ్ళీ చెప్పాడు. కళ్ళు తడి. ఫారం జిరాక్సు తెచ్చి చూపించాడు. ఇంగ్లీషులో అతని పేరు, ఇంటిపేరుతో సహా.

పదకొండేళ్ళలో నా పత్రిక మీద అతని పేరు ఒక్కసారన్నా వేశానా అని పాత సంచికలు తిరగేశాను. వేయలేదు. కట్టలు మోసినవాడి పేరు ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు. ఇది వాదన కాదు, తెలుసు.

దానధర్మాలు చేసే ధనికుడు క్రూరుడి కంటే ప్రమాదకరం. ఇదీ నిజమే. రెండూ నిజమే. రెండూ ఒకేసారి నిజమైతే మనిషి ఏం చెయ్యాలి?

6 జులై

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ.

ఇవాళ బండి అడుగుభాగం అధ్యాయం. సత్తిబాబు రాలేదు, ఫైబర్‌కి రంగు వేస్తున్నాడు. నోట్‌బుక్కులో రాసి ఉంచమన్నాడు. ఇంగ్లీషు పుస్తకం నూట పద్ధెనిమిదో పేజీలో, గళ్ళ అంచుతో పెట్టె గీసి, లోపల మూడు వాక్యాలు. పైకప్పు లేని బండికి బిగువంతా అడుగు నుంచే వస్తుంది. అడుగున అడ్డంగా ఉన్న రెండు ఇనుప పట్టీలూ ఆ బిగువు కోసమే. అవి తీసి బండిని నడపరాదు.

మొన్ననే అన్నాడు సత్తిబాబు, అడుగున రెండు పట్టీలు అనవసరంగా వేలాడుతున్నాయి, పద్నాలుగు కిలోలుంటాయి, పుస్తకం ఏమంటుందో చూసి తీసేద్దాం అని. జీపుకీ టాపు ఉండదు కదా, అది వంగిందా అన్నాడు. జీపుకి కింద వేరే చట్రం ఉంటుంది. ఈ బండికి ఉండదు. అది అతనికి తెలియదు. నాకూ ఇవాళ్టిదాకా తెలియదు.

ఆ మూడు వాక్యాలూ రాయలేదు. నూట పదిహేడు తర్వాత నూట పంతొమ్మిది మొదలుపెట్టాను. పెన్ను ఆగలేదు కూడా.

అబద్ధమేమీ రాయలేదు.

ఏం కోరుకున్నాను? బండి చెడాలని. పోటీకి పనికిరాకుండా పోవాలని. రాంబాబు చేతిలో ఆ ఎర్ర రేకు ముడుచుకుపోవాలని. ఇంతే. మనిషి గురించి ఆలోచించలేదు. ప్రజల గురించి ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి, ఒక్క మనిషి గురించి ఆలోచించలేదు.

8 జులై, ఆదివారం

నోట్‌బుక్ తీసుకెళ్ళాడు. "చేతిరాత ముత్యాల్లా ఉందండి."

11 జులై

పట్టీలు తీసేశారు. పుస్తకంలో వద్దని లేదు కదా అన్నాడట రాంబాబుతో. మాస్టారు ఒక్క అక్షరం వదలరు అని కూడా అన్నాడట. ఇది సత్తిబాబే ఫోనులో సంతోషంగా చెప్పాడు.

తొమ్మిది వందల పదిహేను. ఇంకొక్క పదిహేను.

15 జులై, ఆదివారం

కారు కింద జాకీ పెట్టి లేపితే తలుపు పడటం లేదట. దింపితే పడుతోందట. గొళ్ళెం అరిగిందనుకుని ఆకురాయి పెట్టి సరిచేశాడు.

గొళ్ళెం కాదు సత్తిబాబూ, బండే వంగుతోంది.

రాస్తున్నాను గానీ చెప్పడం లేదు.

20 జులై

కాలవ గట్టు రోడ్డు మీద రెండుసార్లు నడిపాడు. రెండోసారి ముందు అద్దం, కింద మూల నుంచి జానెడు పగిలింది. రాయి తగల్లేదు. సాయంత్రం నేరుగా ఇంటికి వచ్చాడు, చేతులు కూడా కడుక్కోకుండా.

"మలుపులో బండి తడిగుడ్డలా మెలి తిరుగుతున్నట్టు ఉందండి. పుస్తకంలో దీని గురించి ఏమన్నా ఉందా, ఓసారి చూస్తారా మాస్టారూ?"

పుస్తకం బల్ల మీదే ఉంది. తీశాను. తిరగేశాను. నూట పద్ధెనిమిది దగ్గర వేలు ఆగింది. గళ్ళ పెట్టె ఎంత పెద్దదో, గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. అతను నా మొహం చూస్తున్నాడు, పేజీని కాదు.

"ఏమీ లేదు," అన్నాను.

ఇప్పుడు అబద్ధం.

21 జులై

పద్మ అడిగింది, ఎందుకు అన్నం వదిలేస్తున్నారని. చెప్పాను. అంతా. చెప్పేసరికి కూరలు తరిగే కత్తిపీట పక్కకి పెట్టేసింది.

"మీకు కుళ్ళండీ," అంది. "అది ఉండటం తప్పు కాదు. మా అక్క నగలు చూసి నాకూ ఉండేది. కానీ నేను వెళ్ళి అక్క మెడ నొక్కలేదు."

24 జులై

వాదన ఒకటి. పోటీ వచ్చే నెల చివర కదా, ఇంకా వ్యవధి ఉంది. వాదన రెండు. అద్దం పగిలాక వాళ్ళే ఆలోచించుకుంటారు. వాదన మూడు. ఇలాంటి ఆటలు ప్రాణాంతకమని తెలిసే ఆడతారు, బాధ్యత ఆడించేవాడిది.

మూడూ రాసి చూసుకుంటే మా కాలేజీ యాజమాన్యం రాసే జవాబుల్లా ఉన్నాయి.

29 జులై, ఆదివారం

 

పొద్దున్న బస్సెక్కి మండపేట వెళ్ళాను. నూట పద్ధెనిమిదో పేజీ తెలుగులో రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చెబుదామనే వెళ్ళాను. ఇది రాసి ఉంచాలి – చెబుదామనే.

మిల్లు దగ్గర సత్తిబాబు నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! కొత్త అద్దం బిగించారు. పక్క సీటు ఇంకా తీయలేదు, రేపు తీసేస్తారట. "తీసేలోపు మీరు ఒక్కసారి ఎక్కాలండి మాస్టారూ. రాంబాబు గారూ అదే అంటున్నారు. పుస్తకమంతా మీరే కదా రాసింది." రాంబాబు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఎక్కరా, నువ్వు తేలికే కదా," అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి వెతికాను. లేదు.

ఎక్కాను. ఎందుకు ఎక్కానో తెలియదు. పిలిచినందుకు అనుకుంటా. తలుపు పడలేదు. సత్తిబాబు దిగి వచ్చి, పైకెత్తి నొక్కి వేశాడు. ఇంజను పెట్టాడు. తివాచీ లేదు కదా, కాళ్ళ కింద రేకు అదురుతోంది. గేటు దాటాం. కాలవ పక్కన తిన్నటి రోడ్డు. చివర వంతెన దగ్గర మలుపు కనిపిస్తోంది. గేరు మార్చాడు, మొహం వెలిగిపోతోంది...

"ఆపు," అన్నాను. "సత్తిబాబూ, ఆపు. ఆ పట్టీలు తీయకూడదు. పుస్తకంలో ఉంది. నేను రాయలేదు."

ఆపాడు. ఇంజను కట్టేశాడు. కాలవలో నీళ్ళ చప్పుడు వినిపించింది.

కాగితం ఇచ్చాను. మూడు వాక్యాలు. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాడు, నేను నేర్పినట్టే. మళ్ళీ చదివాడు.

"చూసుకోలేదా మాస్టారూ?" అన్నాడు. తప్పించుకునే దారి చూపించాడు, అటు వెళ్ళిపొమ్మని. తల ఊపితే చాలు.

"చూశాను," అన్నాను. "మొదటిసారీ చూశాను. నువ్వు వచ్చి అడిగినప్పుడూ చూశాను."

స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి ఎన్ని సిద్ధం చేసుకున్నాను! అడగలేదు.

"ఇవాళ మీరు బండెక్కకపోతే చెప్పేవారా?"

జేబులో కాగితం ఉంది కదా, చెప్పడానికే వచ్చాను అనబోయాను. కానీ ఎక్కే ముందు చెప్పలేదు. మెట్ల దగ్గర చెప్పలేదు. తలుపు పడనప్పుడు చెప్పలేదు. మలుపు కనిపించాక చెప్పాను.

 అతను దిగి, బండిని తోసుకుంటూ వెనక్కి తిప్పాడు. నేనూ దిగి తోశాను. ఇద్దరం చెరో పక్కా, మిల్లు గేటు దాకా. నిజంగానే తేలిక అయింది బండి.

30 జులై

రాంబాబు ఫోను. తిడతాడనుకున్నాను. "పట్టీలు మళ్ళీ ఎక్కిస్తున్నాంరా. బరువు ఇంకోచోట తగ్గిస్తాడంట సత్తి." ఆ వెంటనే, "నువ్వు చూసుకోలేదని చెప్పాడు. పెద్ద పుస్తకం కదా, పోన్లే."

చూసుకోలేదని చెప్పాడు!

కాదు అనడానికి నోరు తెరిచాను. వాడు అప్పటికే ఫోను పెట్టేశాడు. మళ్ళీ చెయ్యొచ్చు. ఎదురుగా ఉంది ఫోను. చెయ్యలేదు.

ఇప్పుడు నా మర్యాద అతని దగ్గర దాచిపెట్టి ఉంది. నేను నేర్పిన సమానత్వంలో ఇది ఎక్కడ పడుతుంది?

5 ఆగస్టు, ఆదివారం

సంచిక వచ్చింది. ఎనిమిదింటికి స్కూటరు వచ్చింది. కట్టలు వేసుకున్నాడు. లోపలికి రమ్మన్నాను, కాఫీ తాగమన్నాను. "బస్సు టైమైపోద్దండి," అన్నాడు. పద్మ గుమ్మంలోనే ఇచ్చింది గ్లాసు. తాగాడు. నాతో ఒక్క మాట తేడాగా లేదు. అండీ, గారూ, అన్నీ ఉన్నాయి.

మాస్టారూ అనలేదు.

7 ఆగస్టు

పద్మని అడిగాను, చేపల పులుసు మనింట్లో వండితే నీకు ఇబ్బందా అని. "చేసిన తప్పు కడుక్కోడానికి ఇప్పుడు చేప కూడానా?" అంది.

నిజమే. మానేశాను.

10 ఆగస్టు

మండపేట నుంచి మిల్లు లారీ డ్రైవరు వచ్చి కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల నా లాంగ్ నోట్‌బుక్. దానితో చీటీ, సత్తిబాబు రాత – పెద్ద పెద్ద అక్షరాలు, ఒత్తులు సరిగ్గా.

"మాస్టారు గారికి. బ్రేకుల అధ్యాయం మిగిలి ఉందండి. పోటీకి ముందు కావాలి. ఈసారి ఇంగ్లీషు వాక్యం పైన రాసి, దాని కింద తెలుగు రాయండి. రాంబాబు గారు రెండూ సరిచూస్తానన్నారు."

నాలుగుసార్లు చదివాను. రాంబాబు ఇంగ్లీషు నాకు తెలుసు. నా అనువాదాన్ని రాంబాబు దిద్దడం!

బ్రేకుల అధ్యాయం. ఇంకెవరి చేతా రాయించుకోవచ్చు, ఊళ్ళో ఇంగ్లీషు చదివినవాళ్ళకి కరువా? రాయించుకోలేదు. నాకే పంపాడు. నమ్మి కాదు. నమ్మకుండానే.

12 ఆగస్టు, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. ఒక వాక్యం ఇంగ్లీషు, ఒక వాక్యం తెలుగు. మధ్యలో ఒక గీత ఖాళీ, దిద్దేవాడికి. పదకొండు పేజీలైంది. ఒక మాట దగ్గర నాకే సందేహం వచ్చింది, తెలియదు అని పక్కన రాశాను. అలా రాయడం ఎప్పుడూ అలవాటు లేదు.

రేపు నోట్‌బుక్ ఎలా పంపాలి? లారీలో వేసేయొచ్చు. లేకపోతే తొమ్మిదింటి బస్సు ఉంది, నేనే...